అమెరికా కళాశాలల్లో ప్రవేశావకాశాల అంచనా

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కొన్ని కళాశాలలు తమకు వచ్చే దరఖాస్తులలో స్వల్ప భాగాన్ని మాత్రమే అంగీకరిస్తాయి. ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేయబోతున్న ఒక విద్యార్థికి అటువంటి కళాశాలలో సీటు లభించే సంభావ్యత ఎంత ఉన్నదో ముందుగా లెక్కకట్టే ప్రయత్నాన్ని ప్రవేశావకాశాల అంచనా అని వ్యవహరిస్తారు. పాఠశాలలోని సలహాదారులు, రుసుము తీసుకుని పనిచేసే ప్రైవేటు సలహాదారులు, తల్లిదండ్రులు, విద్యార్థులు కూడా ఈ పని చేస్తుంటారు. భారతదేశంలో ప్రవేశ పరీక్ష ర్యాంకు తెలిసిన తరువాత, గత సంవత్సరం ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో చూసి ఫలితాన్ని చాలావరకు ఊహించవచ్చు. అమెరికాలో అటువంటి ఏకైక కొలబద్ద లేదు. మార్కులు, పరీక్షలు, వ్యాసాలు, ఉపాధ్యాయుల లేఖలు, పాఠశాల వెలుపలి కార్యక్రమాలు, కుటుంబ నేపథ్యం అన్నిటినీ కలిపి ఒక సంఘం తీర్పు చెబుతుంది. అందువలన అక్కడ అంచనా ఎప్పుడూ సంభావ్యత రూపంలోనే ఉంటుంది తప్ప నిశ్చయంగా ఉండదు.

ఎంపిక కళాశాలలు

డిగ్రీలు ఇచ్చే విద్యాసంస్థలు అమెరికాలో సుమారు 4,000 ఉన్నాయి. వీటిలో అధిక భాగం దరఖాస్తు చేసినవారిలో సగానికి మించి చేర్చుకుంటాయి. రెండేళ్ళ కమ్యూనిటీ కళాశాలలు సాధారణంగా పాఠశాల ముగించిన అందరికీ ప్రవేశం ఇస్తాయి. అంచనా అన్న సమస్య తలెత్తేది పైవరుసలో ఉన్న కొన్ని పదుల సంస్థల విషయంలోనే. ఐవీ లీగ్ అని పిలిచే ఎనిమిది విశ్వవిద్యాలయాలు, స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి., షికాగో, డ్యూక్ వంటివి, విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ వంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాలలు, బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రాంగణాలు ఈ కోవలోనివి. ఐవీ లీగ్ అన్నది నిజానికి 1954లో ఏర్పడిన క్రీడా పోటీల కూటమి పేరు. చదువుల శ్రేష్ఠతకు అది పర్యాయపదం కావడం తరువాతి పరిణామం.

2023లో హార్వర్డ్ కళాశాలకు 56,937 మంది దరఖాస్తు చేయగా 1,942 మందికి ప్రవేశం లభించింది. ఇది నూటికి మూడున్నర కంటే కూడా తక్కువ. అదే హార్వర్డ్ 1940లలో దరఖాస్తు చేసినవారిలో సగానికి పైగా విద్యార్థులను చేర్చుకునేది. సీట్ల సంఖ్య పెద్దగా పెరగకపోవడం, దరఖాస్తులు విపరీతంగా పెరగడం ఈ మార్పుకు కారణాలు. 1975లో 15 కళాశాలలతో మొదలైన కామన్ అప్లికేషన్ అనే ఉమ్మడి దరఖాస్తులో నేడు వెయ్యికి పైగా సంస్థలు సభ్యులుగా ఉన్నాయి. ఒకే దరఖాస్తును పలు చోట్లకు పంపే వీలు కలగడంతో ఒక్కొక్క విద్యార్థి పంపే దరఖాస్తులు పెరిగాయి. అందువలన అంగీకార శాతం తగ్గినంత మాత్రాన పోటీపడే విద్యార్థుల సంఖ్య అదే నిష్పత్తిలో పెరిగినట్లు కాదు. ఈ చిన్న విషయాన్ని గమనించకపోవడం వలన కుటుంబాలలో అనవసరమైన భయం వ్యాపిస్తున్నది.

చరిత్ర

ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అవకాశాల అంచనా అవసరమే ఉండేది కాదు. కళాశాల పెట్టిన ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడైనవాడు చేరేవాడు. 1900లో ఏర్పడిన కాలేజ్ బోర్డు ఈ పరీక్షలను ఏకీకృతం చేసింది. 1920లలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో యూదు విద్యార్థుల సంఖ్య పెరగడం అక్కడి యాజమాన్యాలకు రుచించలేదు. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ యూదులపై పరిమితి విధించాలని ప్రతిపాదించాడు. బహిరంగ పరిమితికి వ్యతిరేకత రావడంతో, 1926 ప్రాంతాన శీలం, వ్యక్తిత్వం వంటి లక్షణాలను పరిగణించే పద్ధతి వచ్చింది. వ్యక్తిత్వాన్ని తూచే తక్కెడ ఏదీ లేనందున నిర్ణయం పూర్తిగా అధికారుల చేతిలోకి పోయింది. సమాజ శాస్త్రవేత్త జెరోమ్ కారబెల్ 2005లో ప్రచురించిన గ్రంథంలో ఈ చరిత్రను సవిస్తరంగా వివరించాడు. నేడు సమగ్ర సమీక్ష అని గౌరవంగా పిలుస్తున్న విధానపు మూలాలు ఇక్కడే ఉన్నాయి.

శాట్ పరీక్ష కూడా 1926లోనే మొదలైంది. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగమ్ దీనిని రూపొందించాడు. 1933లో హార్వర్డ్ అధ్యక్షుడైన జేమ్స్ కోనంట్, పేరున్న పాఠశాలల నుంచి కాక దేశం నలుమూలల నుంచి ప్రతిభ గలవారిని వెదకడానికి ఈ పరీక్షను వాడుకోవాలని తలచాడు. 1959లో ఐయోవా నుంచి ఏసీటీ అనే పోటీ పరీక్ష వచ్చింది. శాట్ గరిష్ఠ మార్కు 1600. 2005 నుంచి 2016 వరకు మాత్రం అది 2400గా ఉండేది కనుక పాత గణాంకాలు చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. ఏసీటీ గరిష్ఠం 36.

అంచనాకు ఆధారాలు

అన్నిటికంటె ముఖ్యమైనది పాఠశాలలో నాలుగు సంవత్సరాల చదువు. దీనిని జీపీఏ అనే సగటుతో సూచిస్తారు. సాధారణ కొలమానంలో గరిష్ఠం 4.0. కఠినమైన పాఠ్యాంశాలకు అదనపు పాయింటు కలిపే పాఠశాలల్లో ఇది 4.0ను మించుతుంది. ఒక పాఠశాలలో 4.4 అంటే తరగతిలో మొదటి వరుస కావచ్చు, మరొకచోట అదే 4.4 మధ్యస్థం కావచ్చు. అందుచేత ప్రవేశాధికారులు అంకెను విడిగా చూడరు. పాఠశాల పంపే పరిచయ పత్రంతో కలిపి చూస్తారు. ఆ పాఠశాలలో ఏయే కఠిన పాఠ్యాంశాలు లభిస్తాయి, వాటిలో ఈ విద్యార్థి ఎన్ని తీసుకున్నాడు అన్నవి వారి ప్రశ్నలు. ఇక్కడ తరచుగా వినిపించే ఏపీ అనే మాటకు ఆంధ్ర ప్రదేశ్‌తో సంబంధం లేదు. అది కాలేజ్ బోర్డు 1950లలో చేపట్టిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కళాశాల స్థాయి పాఠ్యక్రమం. దాని పరీక్షలకు 1 నుంచి 5 వరకు మార్కులు ఇస్తారు.

శాట్, ఏసీటీల స్థానం ఇటీవల పలుమార్లు మారింది. బౌడిన్ కళాశాల 1969లోనే పరీక్షను ఐచ్ఛికం చేసింది. 2020లో కోవిడ్ కారణంగా దాదాపు అన్ని ఎంపిక కళాశాలలూ అదే బాట పట్టాయి. 2022లో ఎం.ఐ.టి. పరీక్షను తిరిగి తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ కూడా అలాగే చేశాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మాత్రం ప్రవేశ నిర్ణయాలలో ఈ మార్కులను అసలు చూడదు.

కళాశాలలు ఏటా ప్రకటించే కామన్ డేటా సెట్ అనే పత్రం అంచనా వేసేవారికి అందుబాటులో ఉన్న అత్యుత్తమ ఆధారం. ఏ అంశాన్ని చాలా ముఖ్యంగా, ముఖ్యంగా, పరిగణనగా మాత్రమే చూస్తారో, దేనిని అసలు చూడరో ఇందులో ఒక పట్టిక ఉంటుంది. చేరిన విద్యార్థుల పరీక్ష మార్కులలో కింది పావు, పై పావు హద్దులు కూడా ఇస్తారు. ఉదాహరణకు ఒక కళాశాల 1500, 1560 అని ప్రకటిస్తే, మార్కులు పంపి చేరినవారిలో నాలుగో వంతు విద్యార్థులకు 1500 లేదా అంతకంటె తక్కువ, నాలుగో వంతుకు 1560 లేదా ఎక్కువ వచ్చాయని అర్థం. 1510 వచ్చిన విద్యార్థి తాను మధ్యలో ఉన్నానని అనుకోవడం సహజం. అయితే కింది పావులో ఉన్నవారిలో క్రీడాకారులుగా ఎంపికైనవారు, ఇతర ప్రత్యేక వర్గాలవారు ఎక్కువగా ఉంటారు. పైగా పరీక్ష ఐచ్ఛికంగా ఉన్నచోట తక్కువ మార్కులు వచ్చినవారు వాటిని పంపనే పంపరు. కనుక ఏ ప్రత్యేకతా లేని విద్యార్థికి ఆ హద్దులు పైకి జరిగినట్లే లెక్క.

అనేక పాఠశాలలు నేవియన్స్ వంటి సాఫ్ట్‌వేరు ద్వారా తమ పూర్వ విద్యార్థుల జీపీఏ, శాట్ మార్కులను చుక్కల పటంగా చూపుతాయి. ప్రవేశం పొందినవారు ఒక రంగు, తిరస్కరింపబడినవారు మరో రంగు. ఒకే పాఠశాల విద్యార్థులు కావడం వలన ఈ పటం దేశవ్యాప్త సగటు కంటె ఎక్కువ ఉపయోగకరం. ఎవరు ఈతగాడో, ఎవరి తల్లి ఆ కళాశాల పట్టభద్రురాలో చుక్క చెప్పదు. ఎనిమిది, పది చుక్కలను చూసి గీత గీయడం కూడా ప్రమాదకరమే.

మిచిగన్ పాయింట్ల పట్టిక

అవకాశాన్ని కూడికతో తేల్చగలిగిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. మిచిగన్ విశ్వవిద్యాలయం 1998 నుంచి కొన్నేళ్ళపాటు పట్టభద్ర స్థాయి ప్రవేశాలకు 150 పాయింట్ల పట్టికను వాడింది. 100 పాయింట్లు వస్తే ప్రవేశం ఖాయం. పాఠశాల మార్కులకు 80 వరకు, పరీక్ష మార్కులకు 12 వరకు ఇచ్చేవారు. మిచిగన్ రాష్ట్ర నివాసికి 10, తల్లి లేదా తండ్రి పూర్వ విద్యార్థి అయితే 4, వ్యాసానికి 3 వరకు. తక్కువ ప్రాతినిధ్యం ఉన్న మైనారిటీ వర్గాలవారికి 20 పాయింట్లు కలిపేవారు. దీనిపై వేసిన గ్రాట్జ్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 2003 జూన్ 23న ఈ పట్టికను కొట్టివేసింది. జాతికి యాంత్రికంగా పాయింట్లు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని 6-3 మెజారిటీతో తేల్చింది. అదే రోజు, అదే విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాలకు సంబంధించిన గ్రటర్ వ్యాజ్యంలో, ప్రతి అభ్యర్థిని విడివిడిగా సమీక్షించే పద్ధతిలో జాతిని ఒక అంశంగా చూడవచ్చునని 5-4తో తీర్పు చెప్పింది.

ఈ రెండు తీర్పుల ఫలితం కొంత విచిత్రమైనది. ఎవరైనా కూడి చూసుకోగల పట్టిక చెల్లకుండా పోయింది, బయటివారికి కనబడని సమీక్ష నిలిచింది. వ్యాసానికి 3 పాయింట్లే అని తెలిసిన విద్యార్థి దానిపై ఎన్ని నెలలు వెచ్చించాలో తానే నిర్ణయించుకోగలడు. ఆ వీలు తరువాతివారికి లేదు.

హార్వర్డ్ వ్యాజ్యంలో వెల్లడైన వివరాలు

2014లో ఒక సంస్థ హార్వర్డ్‌పై వేసిన వ్యాజ్యం 2018 అక్టోబరులో బోస్టన్‌లో విచారణకు వచ్చింది. అంతవరకు గోప్యంగా ఉన్న పద్ధతులు అప్పుడు న్యాయస్థానపు రికార్డులోకి ఎక్కాయి. ప్రతి దరఖాస్తుకు చదువు, ఇతర కార్యక్రమాలు, క్రీడలు, వ్యక్తిత్వం అనే అంశాలలో అంకెలు వేస్తారు. 1 అన్నిటికంటె మంచిది. సుమారు 40 మంది సభ్యుల సంఘం చివరకు ఓటు వేస్తుంది.

ఒక సంవత్సరం గణాంకాలను న్యాయమూర్తి ఆలిసన్ బరోస్ తన తీర్పులో ఉదహరించారు. మొత్తం దరఖాస్తులు దాదాపు 35,000, సీట్లు సుమారు 1,600. స్వదేశీ అభ్యర్థులు 26,000 మందిలో గణితంలో పూర్తి శాట్ మార్కులు వచ్చినవారు దాదాపు 3,400 మంది, ఆంగ్ల విభాగంలో పూర్తి మార్కులు వచ్చినవారు 2,700 మంది. పాఠశాలలో పరిపూర్ణమైన జీపీఏ ఉన్నవారు 8,000 మందికి పైనే. అంటే పరిపూర్ణమైన మార్కులు ఉన్నవారితోనే తరగతిని నింపాలన్నా వారిలో అత్యధికులను తిరస్కరించక తప్పదు. మార్కులు పరిశీలనకు అర్హత ఇస్తాయే గాని ప్రవేశం ఇవ్వవు అన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన లెక్క దొరకదు.

క్రీడలకు ఎంపికైనవారు, పూర్వ విద్యార్థుల సంతానం, డీన్ ప్రత్యేక జాబితాలోనివారు, అధ్యాపకుల పిల్లలు అనే నాలుగు వర్గాలు కలిపి దరఖాస్తులలో సుమారు 5 శాతం. ప్రవేశం పొందినవారిలో వీరు దాదాపు 30 శాతం. పూర్వ విద్యార్థుల సంతానానికి ప్రవేశం మూడింట ఒక వంతు చొప్పున లభించింది. ఇతరులకు అది 6 శాతం మాత్రమే.

రెండు పక్షాల తరఫునా పేరున్న ఆర్థికవేత్తలు సాక్ష్యం ఇచ్చారు. వాది తరఫున డ్యూక్ విశ్వవిద్యాలయపు పీటర్ ఆర్సిడియాకొనో, హార్వర్డ్ తరఫున బర్క్‌లీకి చెందిన డేవిడ్ కార్డ్. కార్డ్‌కు 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే సమాచారాన్ని విశ్లేషించి ఆసియా సంతతివారికి అన్యాయం జరిగిందని ఒకరు, జరగలేదని మరొకరు తేల్చారు. వ్యక్తిత్వపు అంకెను నమూనాలో చేర్చాలా వద్దా, పై నాలుగు వర్గాలను కలపాలా విడదీయాలా అన్న ఎంపికలపైనే తేడా అంతా ఆధారపడింది. ఆసియా సంతతివారికి వ్యక్తిత్వంలో సగటున తక్కువ అంకెలు పడినట్లు రికార్డు చూపింది. ఉద్దేశపూర్వక వివక్ష లేదని 2019లో బరోస్ తీర్పు ఇచ్చారు. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు ఈ వ్యాజ్యంలోను, నార్త్ కరొలినా విశ్వవిద్యాలయంపై వేసిన మరొకదానిలోను ప్రవేశాలలో జాతిని పరిగణించడం చెల్లదని ప్రకటించింది. లక్షలాది పాత దరఖాస్తులు, కళాశాల అంతర్గత అంకెలు చేతిలో ఉన్న నిపుణులే ఏకాభిప్రాయానికి రాలేకపోయినప్పుడు, ఒక సలహాదారు ఒక విద్యార్థికి 22 శాతం అని చెప్పే అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో పాఠకులు ఊహించవచ్చు.

సగటు శాతం, వ్యక్తి అవకాశం

కళాశాల ప్రకటించే అంగీకార శాతం ఏ ఒక్కరి అవకాశమూ కాదు. ఒక ఊహాజనిత కళాశాలను తీసుకుందాం. 40,000 దరఖాస్తులు, 2,400 ప్రవేశాలు, అంటే 6 శాతం. దరఖాస్తులలో 5 శాతంగా ఉన్న ప్రత్యేక వర్గాలు (2,000 మంది) 30 శాతం ప్రవేశాలు (720) పొందాయనుకుంటే, మిగిలిన 38,000 మందికి 1,680 ప్రవేశాలు మిగులుతాయి. సామాన్య అభ్యర్థి అవకాశం 4.4 శాతానికి దిగుతుంది. ఈ 38,000 మందిలో కూడా అందరూ సమానులు కారు. చదువులో వెనుకబడినవారికి అవకాశం దాదాపు శూన్యం కనుక, చదువులో ముందున్నవారికి అది 4.4 కంటె ఎక్కువే. ఎంత ఎక్కువ అన్నది కళాశాల లోపలి అంకెలు లేకుండా చెప్పలేము.

విషయాన్ని మరింత మసకబార్చేది ప్రచారంలో ఉన్న విజయగాథలు. ప్రవేశం పొందిన విద్యార్థి వివరాలు బంధుమిత్రులలో తిరుగుతాయి. అవే మార్కులు, అవే కార్యక్రమాలు ఉండి తిరస్కరింపబడిన పదిమంది గురించి ఎవరూ చెప్పుకోరు. ఫలానా అబ్బాయి రోబోటిక్స్ చేశాడు కనుక సీటు వచ్చింది అన్న నిర్ణయం సాధారణంగా ఇలాగే పుడుతుంది.

ధనం ప్రభావం కూడా లెక్కలోనిదే. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒకే పరీక్ష మార్కులు ఉన్నా అత్యంత సంపన్నులైన 1 శాతం కుటుంబాల పిల్లలు ఐవీ తరహా కళాశాలల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లల కంటె రెట్టింపుకు పైగా ఉన్నది. పూర్వ విద్యార్థుల సంతానానికి ఇచ్చే ప్రాధాన్యం, క్రీడలకు ఎంపిక, చదువేతర అంశాలలో ఎక్కువ అంకెలు ఇందుకు కారణాలుగా వారు చూపారు. అక్రమ మార్గాలూ లేకపోలేదు. నకిలీ క్రీడా నేపథ్యాలు సృష్టించి, శిక్షకులకు లంచాలు ఇచ్చి సీట్లు సంపాదించిన వ్యవహారం 2019 మార్చిలో బయటపడి పలువురు తల్లిదండ్రులు జైలుకు వెళ్ళారు.

ముందస్తు దరఖాస్తు

సాధారణ దరఖాస్తుల గడువు జనవరి మొదటి వారం. అనేక కళాశాలలు నవంబరు 1 ప్రాంతంలోనే ముందస్తు దరఖాస్తులు తీసుకుని డిసెంబరు మధ్యలో ఫలితం చెబుతాయి. ఇందులో ఎర్లీ డెసిషన్ అనేది కట్టుబడి ఉండవలసిన పద్ధతి, సీటు వస్తే చేరి తీరాలి. ఎర్లీ యాక్షన్‌లో ఆ నిర్బంధం లేదు. తప్పక చేరే విద్యార్థి అంటే కళాశాలకు లాభం, కనుక ముందస్తు అభ్యర్థులకు మొగ్గు ఉంటుంది. ఏవరీ, ఫెయిర్‌బ్యాంక్స్, జెక్‌హౌజర్ 2003లో ప్రచురించిన గ్రంథంలో ఈ మొగ్గు శాట్‌లో 100 మార్కులు అదనంగా రావడంతో సమానమని లెక్కకట్టారు. అయితే కట్టుబడిన విద్యార్థి ఇతర కళాశాలల ఆర్థిక సహాయాన్ని పోల్చి చూసుకునే అవకాశం కోల్పోతాడు. ఖర్చు భరించగల కుటుంబాలకే ఈ మార్గం సులభం. 2011 నుంచి ప్రతి కళాశాల తన వెబ్‌సైటులో నికర ఖర్చును లెక్కించే సాధనం ఉంచాలని చట్టం నిర్దేశిస్తున్నది. దరఖాస్తుకు ముందు దానిని వాడి చూడడం సలహాదారులు చెప్పే మొదటి మాట కావాలి, తరచుగా చివరి మాట అవుతున్నది.

పలు కళాశాలలకు దరఖాస్తు

సలహాదారులు కళాశాలలను రీచ్, మ్యాచ్, సేఫ్టీ అని మూడుగా విడదీస్తారు. అందుకోవడం కష్టమైనవి, తన స్థాయికి సరిపోయేవి, దాదాపు ఖాయంగా వచ్చేవి అని వీటి భావం. అంగీకార శాతం పదికి లోపున్న కళాశాల ఎంతటి ప్రతిభావంతునికైనా మొదటి వర్గం కిందికే వస్తుందన్నది వారిలో వాడుకగా ఉన్న సూత్రం.

ఎక్కువ కళాశాలలకు పంపితే ఏదో ఒకటి తగులుతుంది అన్న వాదనను లెక్కతో పరీక్షించవచ్చు. ఒక్కొక్క చోట 10 శాతం అవకాశం ఉన్న పది కళాశాలలకు దరఖాస్తు చేస్తే, ఫలితాలు పరస్పరం సంబంధం లేనివైతే, అన్నీ తిరస్కరించే సంభావ్యత 0.9ను పదిసార్లు గుణించగా వచ్చే 0.35. అంటే కనీసం ఒకచోట సీటు వచ్చే అవకాశం 65 శాతం. కాని అవే మార్కులను, అదే వ్యాసాన్ని, అవే ఉపాధ్యాయ లేఖలను పదిచోట్లా చదువుతారు. ఒకచోట లోపంగా కనబడినది మరోచోటా లోపంగానే కనబడవచ్చు. ఫలితాలు పూర్తిగా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే అవకాశం 10 శాతం దగ్గరే ఆగిపోతుంది. వాస్తవం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పది రీచ్ కళాశాలలు కలిసి ఒక సేఫ్టీ కాలేవు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు

టెక్సస్‌లో 1997లో చేసిన చట్టం ప్రకారం, తమ ఉన్నత పాఠశాల తరగతిలో మొదటి 10 శాతంలో నిలిచినవారికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం హక్కు. ఆస్టిన్‌లోని ప్రధాన ప్రాంగణానికి రద్దీ పెరగడంతో 2009లో చట్టాన్ని సవరించి, అక్కడ ఈ మార్గంలో చేరేవారిని సుమారు మూడొంతుల సీట్లకు పరిమితం చేశారు. తరువాత ఆ హద్దు మొదటి 6 శాతంగా ఉండి, 2026లో చేరేవారి నుంచి 5 శాతమైంది. ఇక్కడ అంచనా అవసరమే లేదు, తరగతి ర్యాంకు చూస్తే చాలు. అయితే హామీ విశ్వవిద్యాలయానికే గాని కోరిన శాఖకు కాదు. కంప్యూటర్ సైన్సు, ఇంజనీరింగ్, వాణిజ్య శాఖలకు విడిగా పోటీ ఉంటుంది. ప్రవేశం వచ్చిందన్న సంతోషం శాఖ పేరు చూశాక చల్లారిన ఇళ్ళు డాలస్, ఆస్టిన్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలలో కూడా ఉన్నాయి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1996 నాటి ప్రతిపాదన 209 కారణంగా జాతిని చూడదు. పూర్వ విద్యార్థుల సంతానానికి ప్రాధాన్యం ఇవ్వదు. పదిహేను నిర్ణీత పాఠ్యాంశాలు, వాటిలో రాష్ట్రవాసులకు కనీసం 3.0, ఇతరులకు 3.4 జీపీఏ ఉండాలి. ఎనిమిది ప్రశ్నలలో నాలుగింటికి ఒక్కొక్కటి 350 పదాలకు మించకుండా జవాబులు రాయాలి. ఇది కనీస అర్హత మాత్రమే. లాస్ ఏంజెలెస్ ప్రాంగణానికి ఇటీవలి సంవత్సరాలలో ఏటా 1,40,000కు పైగా దరఖాస్తులు వస్తుండగా అంగీకారం పదింట ఒక వంతు లోపే ఉంటున్నది.

తెలుగువారు, ఇతర భారతీయులు

1986లో మొదలైన ఎంసెట్, ఐఐటీల ప్రవేశ పరీక్షల వాతావరణంలో చదువుకుని వలస వెళ్ళిన తల్లిదండ్రులు అమెరికా పద్ధతిని కూడా ర్యాంకుల కళ్ళద్దాలతో చూడడం సహజం. శాట్‌లో 1580 వచ్చిన అమ్మాయికి 1540 వచ్చిన అబ్బాయి కంటె ముందు సీటు రావాలి అన్న తర్కం అక్కడ పనిచేయదు. ఎక్కువ మార్కులకు ఒక స్థాయి దాటిన తరువాత అదనపు విలువ తక్కువ. అలాగని కూచిపూడి నాట్యం, స్పెల్లింగ్ పోటీలు, సైన్సు ప్రాజెక్టులు జాబితాగా పేర్చినా ఫలితం ఖాయం కాదు. ఒకే ప్రాంతం నుంచి ఒకే రకం జాబితాలు వందల సంఖ్యలో వచ్చినప్పుడు వాటి మధ్య తేడా చదివేవారికి కనబడదు.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణల నుంచి అమెరికా వెళ్ళే విద్యార్థులలో అధికులు ఎం.ఎస్. కోసం వెళ్ళేవారే. ఇంటర్మీడియట్ తరువాత నేరుగా డిగ్రీకి దరఖాస్తు చేసేవారికి ఒక అదనపు చిక్కు ఉంది. చాలా కళాశాలలు విదేశీ విద్యార్థుల విషయంలో ఆర్థిక సహాయం అడిగారా లేదా అన్నది చూసి నిర్ణయిస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., ఆమ్‌హర్స్ట్ వంటి కొద్ది సంస్థలు మాత్రమే విదేశీయులకు కూడా ఆర్థిక స్థితితో నిమిత్తం లేకుండా ప్రవేశం ఇచ్చి, అవసరమైన సహాయం పూర్తిగా అందిస్తాయి. 2022లో డార్ట్‌మత్ వీటితో చేరింది. అందువలన సహాయం కోరే విద్యార్థికి, కోరని విద్యార్థికి ఒకే కళాశాలలో అవకాశాలు వేరు. ప్రకటిత శాతం ఈ తేడాను చూపదు.

తక్కువ అంచనా వలన నష్టం

అతిగా ఆశించినవారికి ఒక వసంతకాలపు నిరాశ మిగులుతుంది. తక్కువగా అంచనా వేసుకున్నవారు దరఖాస్తే చేయరు కనుక వారి నష్టం ఎవరికీ కనబడదు. కరొలిన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీ 2012లో వెలువరించిన అధ్యయనంలో, ఉన్నత ప్రతిభ ఉన్న పేద విద్యార్థులలో అత్యధికులు ఏ ఎంపిక కళాశాలకూ దరఖాస్తు చేయడం లేదని తేలింది. ఆర్థిక సహాయం కలుపుకుంటే ఆ కళాశాలలే వారికి ఇంటిదగ్గరి కళాశాల కంటె చవకగా ఉండేవి. ఆ సంగతి చెప్పేవారు వారికి లేరు. అమెరికా పాఠశాల సలహాదారుల సంఘం 250 మంది విద్యార్థులకు ఒక సలహాదారు ఉండాలని సిఫారసు చేస్తుండగా దేశ సగటు దానిని బాగా మించి ఉన్నది.

మిచిగన్ విశ్వవిద్యాలయం చేసిన ఒక ప్రయోగం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. రాష్ట్రంలోని ప్రతిభ గల పేద విద్యార్థులలో యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన కొందరికి, ప్రవేశం వస్తే నాలుగేళ్ళ ట్యూషన్ ఉచితమని ముందుగానే హామీ ఇస్తూ లేఖలు పంపారు. వారిలో చాలామందికి ఎలాగూ దాదాపు అంత సహాయం లభించేదే. అయినా లేఖ అందినవారిలో 68 శాతం దరఖాస్తు చేశారు, అందనివారిలో 26 శాతం. చివరకు చేరినవారు 27 శాతం, 12 శాతం. సూసన్ డైనార్‌స్కీ బృందం ఈ ఫలితాలను 2021లో ప్రచురించింది.

ఎంపిక కళాశాలలో చేరితేనే భవిష్యత్తు అన్న నమ్మకాన్ని స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో పరీక్షించారు. 1976లో కళాశాలల్లో చేరినవారిని పరిశీలించి, సమానమైన ప్రవేశాలు వచ్చినవారిలో మరింత పేరున్న కళాశాలకు వెళ్ళినవారికి, వెళ్ళనివారికి తరువాతి సంపాదనలో సగటున చెప్పుకోదగ్గ తేడా లేదని కనుగొన్నారు. తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి మాత్రం తేడా కనబడింది. అంటే దరఖాస్తు చేయడానికి వెనుకాడుతున్న వర్గానికే ఆ కళాశాలల వలన ప్రయోజనం ఎక్కువ.

ఫలితాలు

సాధారణ దరఖాస్తుల ఫలితాలు మార్చి చివరలో వెలువడతాయి. చేరే నిర్ణయాన్ని మే 1లోగా తెలపాలి. ప్రవేశం, తిరస్కారం కాక నిరీక్షణ జాబితా అనే మూడో ఫలితం కూడా ఉంది. మే 1 తరువాత ఖాళీలు మిగిలితే ఈ జాబితా నుంచి పిలుస్తారు. ఎంతమంది చేరుతారన్న కళాశాల సొంత అంచనాపై ఇది ఆధారపడుతుంది కనుక ఒక సంవత్సరం వందమందిని పిలిచిన సంస్థ మరుసటి సంవత్సరం ఒక్కరినీ పిలవకపోవచ్చు. గత సంవత్సరాల సంఖ్యలు కామన్ డేటా సెట్‌లో లభిస్తాయి. జాబితాలో ఉన్నప్పటికీ మే 1లోగా మరొక కళాశాలలో డిపాజిట్ కట్టి సీటు నిలుపుకోవలసి ఉంటుంది.